అంకుల్ ఆ డబ్బా మర్చిపోలేదు

లేదు, ఆయన మర్చిపోలేదు. ఆ రోజు ఆ డబ్బా మా గరాజ్‌లో ఉంది. నీలం మూత పెట్టి ఉంది, డాడీ పాత టైర్ల పక్కన. ఎవరూ నన్ను అడగలేదు. అయినా ముందు అదే చెప్తున్నాను.

మా ఎదురింటి అంకుల్ చనిపోయారు. షికాగో ఎయిర్‌పోర్ట్ నుంచి మిషిగన్‌లో మా ఊరు నోవైకి తిరిగి వస్తూ, మంచుకి ఆగిపోయిన హైవే మీద, తన వ్యాన్ వెనకాలే. ఆ వ్యాన్‌లో ఉన్నది మా డాడీ, ఇండియా నుంచి అప్పుడే దిగిన మా తాత, నానమ్మ. ఫోన్ వచ్చేటప్పటికి మమ్మీ వాళ్ళ కోసం చారుకి పోపు పెడుతోంది. స్పీకర్‌లో డాడీ "అన్న పోయిండు" అన్నాడు. మమ్మీకి అర్థం కాలేదు. "ఎటు పోయిండు, ఈ మంచుల?" అని అడిగింది. అటువైపు నుంచి డాడీ ఏడుపు వినిపించింది. పోపు మాడిపోయింది. ఆ వాసన ఇప్పటికీ మా కిచెన్‌లో ఉన్నట్టే ఉంటుంది నాకు.

నేను ఇండియాలో మూడో క్లాసు దాకానే తెలుగు చదివాను. ఇది ఫోన్‌లో టైప్ చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. మనుషుల ముందు నాకు నోరు పెగలదు. టైపింగ్ అయితే పర్వాలేదు.

అంకుల్‌ని మా సబ్‌డివిజన్‌లో, అంటే మా కాలనీలో, తెలుగువాళ్ళందరూ ఎరుగుదురు. ఎందుకు ఎరుగుదురో కూడా చెప్పాలి. ఏటా నవంబర్‌లో, ఇక్కడ చలికాలానికి గడియారం గంట వెనక్కి తిప్పుకునే ఆదివారం ఆయన ఇల్లిల్లూ తిరిగేవారు. బెల్ కొట్టి, హలో కూడా చెప్పకుండా "ట్రంక్ తీయండి" అనేవారు. చలికాలం దూరం వెళ్ళే కార్ డిక్కీలో ఉండాల్సినవి ఉన్నాయో లేవో చూడటం ఆయన పని. ఆ పని ఆయనకి ఎవరూ ఇవ్వలేదు.

"వచ్చాడయ్యా కస్టమ్స్ ఆఫీసర్. మా దగ్గర బంగారం లేదు సార్" అని ఒక అంకుల్ ప్రతిసారీ అదే జోక్ వేసేవాడు.

"బంగారం నీ దగ్గరే ఉంచుకో. పార ఏదీ?" అనేవారు ఈయన.

"ఇది మిషిగన్ అండీ, అంటార్కిటికా కాదు. ఫోన్ చేస్తే కార్‌ని లాగే టో ట్రక్ వస్తది."

"టో ట్రక్ వాడు కూడా నీలాగే మంచులో ఇరుక్కుంటే?"

అందరూ నవ్వేవాళ్ళు. ఆయన కూడా నవ్వేవారు. నవ్వుతూనే ట్రంక్‌లో తల పెట్టి చూసేవారు. పార లేకపోతే తర్వాతి వారం తనే తెచ్చి పెట్టేవారు. మళ్ళీ వారానికి వాళ్ళు దాన్ని తీసి గరాజ్‌లో పడేసేవాళ్ళు. పెద్ద స్టోర్‌కి వెళ్తే బియ్యం బస్తా, పాల డబ్బాలు పట్టొద్దా మరి. గుడికి పులిహోర ట్రేలు పట్టుకెళ్ళాలి. ఎయిర్‌పోర్ట్‌కి వెళ్తే సూట్‌కేసులు. మనవాళ్ళ కార్లలో ముందు దిగేది ఎప్పుడూ ఆయన పెట్టించిన సామానే.

నాతో ఆయనకి స్నేహం ఎలా కుదిరిందంటే, ఆయన నన్ను ఏమీ అడగలేదు. మిగతా అంకుల్స్ కనపడగానే ఏ గ్రేడు, జీపీయే ఎంత, కోడింగ్ క్లాస్‌కి వెళ్తున్నావా అని మొదలుపెడతారు. నా జీపీయే చెప్పుకునేది కాదు. నేను నేల చూపులు చూస్తాను. వాళ్ళు మా డాడీ వైపు చూస్తారు. డాడీ కూడా నేల చూస్తాడు. ఈయన మాత్రం మొదటిసారి వాళ్ళ గరాజ్ ముందు నిలబడి చూస్తున్న నా చేతిలో టార్చ్ పెట్టి, "ఏరా అబ్బాయ్, ఇటు కొట్టు లైటు" అన్నారు. అంతే. ఆ మధ్యాహ్నమంతా మేమిద్దరం మాట్లాడుకున్నది గట్టిగా పది మాటలు ఉండవు. నాకు అమెరికాలో అంత హాయిగా గడిచిన మధ్యాహ్నం ఇంకోటి గుర్తులేదు.

తర్వాత ప్రతి చలికాలం ముందు ఆయన వ్యాన్‌లో ఉండే ఆ నీలం మూత డబ్బా సర్దడం మా ఇద్దరి పని అయింది. అడుగున పిల్లి ఇసుక బస్తా, ఇక్కడ పెంపుడు పిల్లుల ట్రేలో పోసేది. టైర్ కింద పోస్తే జారకుండా పట్టు దొరుకుతుంది. వాళ్ళింట్లో పిల్లి లేదు. కౌంటర్ దగ్గర అమ్మాయి పిల్లి పేరేంటని అడిగితే "మినీవ్యాన్" అన్నారంట. దాని పైన మడతపెట్టే పార, బ్యాటరీ దిగితే పక్క కార్‌కి తగిలించే కేబుళ్ళు. పాత కాఫీ డబ్బాలో లావుపాటి కొవ్వొత్తి, అగ్గిపెట్టె. బాటిల్‌లో నీళ్ళు నిండుగా పోయనిచ్చేవారు కాదు. "గడ్డకడితే ఉబ్బుద్దిరా, బాటిల్ పగిలి ఊరుకుంటది" అనేవారు. టార్చ్‌లో బ్యాటరీలు వేసి ఉంచకూడదు, పక్కన కట్టి పెట్టాలి. పల్లీ చిక్కీలు, పుట్నాలు, ఆంటీ అల్లిన ఊలు సాక్సులు, రెండు మంకీ క్యాపులు. అన్నిటికన్నా పైన రెండు మందపాటి రగ్గులు. ఆ రగ్గుల మీద ఎర్ర జాకెట్ ముక్క.

ఆ జాకెట్ ముక్క మంచులో ఇరుక్కుంటే కార్ యాంటెన్నాకి కట్టడానికి. ఆంటీకి ఎవరో పేరంటంలో తాంబూలంతో పాటు ఇచ్చింది.

"మంచి రంగు వచ్చిందనుకునే లోపల ఈయన పట్టుకుపోతాడు. నా జాకెట్లన్నీ కార్లకే కుట్టిస్తాడు" అనేవారు ఆంటీ, వంటింట్లోంచి.

"నువ్వు తొడుక్కుంటే నేనొక్కణ్ణే చూస్తా. కార్‌కి కడితే హెలికాప్టర్ కూడా చూస్తది" అనేవారు అంకుల్.

"చాల్లే, పిల్లాడి ముందు" అని ఆంటీ గరిటె చూపించేవారు.

ఆయన ఈ దేశం వచ్చిన కొత్తలో, వాళ్ళమ్మాయి పాలు తాగే పిల్లగా ఉన్నప్పుడు, ఉత్తరాన ఎక్కడో మంచులో ఇరుక్కున్నారంట. కార్‌లో ఏమీ లేదు. పాలసీసా గడ్డకట్టకుండా చొక్కాలో పొట్టకి ఆనించి పెట్టుకున్నారంట. ట్రక్ డ్రైవర్ ఎవరో తన రగ్గు ఇచ్చాడంట. "ఆ రగ్గుతోనే బయటపడ్డాం" అనేవారు. డబ్బాలోని రెండు రగ్గుల్లో ఒకటి అదే. బూడిద రంగుది, ఒక అంచు కాలి ఉంటుంది.

రగ్గుల గురించి ఆయన చెప్పిన మాట మీరు కొంచెం గుర్తుపెట్టుకోవాలి. మంచులో కార్ ఆగిపోతే ఇంజన్ ఊరికే నడుపుతూ కూర్చోకూడదు. వెనక పొగ గొట్టం మంచుతో మూసుకుపోతే పొగ లోపలికి వస్తుంది, మనుషులు నిద్రలోనే పోతారు. అందుకని ఇంజన్ వేసే ముందు ప్రతిసారీ దిగి, గొట్టం చుట్టూ మంచు తీయాలి. "రగ్గులుంటే ఇంజన్ ఆపుకొని కూర్చోవచ్చురా. రగ్గు లేకపోతే హీటర్ కావాలి, హీటర్ కావాలంటే దిగాలి, మంచు తీయాలి, ఎక్కాలి, మళ్ళీ దిగాలి. మనిషి అలిసిపోయేది అక్కడే." ప్రతి ఏడాదీ ఇదే చెప్పేవారు. నాకు నోటికొచ్చేసింది.

మా తాతావాళ్ళకి షికాగో టికెట్టే దొరికింది. మా కార్ చిన్నది. నాలుగు పెద్ద సూట్‌కేసులు, ఇంకా చేతి సంచులు, ఒక అట్టపెట్టె వస్తున్నాయి. డాడీ అంకుల్ వ్యాన్ ఒకరోజుకి అడిగాడు.

"వ్యాన్ ఇవ్వను. నేనే వస్తా. దారిలో ఆ మిషిగన్ లేక్ పక్కన మంచు నీకు కొత్త తమ్ముడూ" అన్నారు అంకుల్.

"నీకెందుకన్నా శ్రమ."

"పెద్దవాళ్ళొస్తున్నారు. నువ్వు వాళ్ళతో మాట్లాడుకుంటూ కూర్చో. నేను తోలుతా."

పొద్దున నేను స్కూల్ బస్ ఎక్కేటప్పటికి వ్యాన్ మా డ్రైవ్‌వేలో ఉంది. అంకుల్ మా కిచెన్‌లో టీ తాగుతున్నారు. నా వైపు కప్పు ఎత్తి చూపించారు. ఆయన్ని చూడటం అదే ఆఖరు. అంకుల్ టీ తాగుతుండగా డాడీ బయటికెళ్ళి, వ్యాన్‌లోంచి డబ్బా దించి మా గరాజ్‌లో పెట్టాడు. ఇది మమ్మీ చెప్పింది. అడిగితే ఆయన ఒప్పుకోడని అడగలేదంట. "అన్న ఊకోడు. అయినా నాలుగు గంటల తొవ్వకి గింత సామాన్ ఎందుకు" అన్నాడంట. డాడీ తాతావాళ్ళ కోసం కొన్న కొత్త చలి జాకెట్లు కూడా క్లోసెట్‌లోనే ఉన్నాయి, ట్యాగులతో సహా. ఎయిర్‌పోర్ట్ నుంచి కార్‌లోకి, కార్‌లోంచి ఇంట్లోకి. హీటర్ ఉంటది కదా అని.

నేను స్కూల్ నుంచి వచ్చి గరాజ్ డోర్ తీస్తే ఎదురుగా నీలం మూత. వెంటనే డాడీకి మెసేజ్ పెట్టాను, అంకుల్ డబ్బా ఇక్కడే ఉండిపోయింది అని. డాడీ థంబ్సప్ పెట్టాడు. ఆ థంబ్సప్ ఇంకా నా ఫోన్‌లో ఉంది. దాని కింద నేను ఇంకేమీ టైప్ చేయలేదు, డాడీ కూడా చేయలేదు.

అక్కడ జరిగింది మా తాత చెప్పాడు. ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో వ్యాన్ వెనక డోర్ తీసిన అంకుల్, డబ్బా ఉండాల్సిన చోటు ఖాళీగా ఉండటం చూశారంట. డాడీ "ఏం గాదు అన్నా, పొద్దుగూకే వరకు ఇంట్ల ఉంటం" అన్నాడంట. అంకుల్ ఒక్క మాట కూడా కోప్పడలేదంట. "సరేలే, ఆకలైతే ఆవకాయ ఉందిగా" అని సూట్‌కేసులు తనే ఎక్కించారంట.

లేక్ పక్కకి వచ్చేసరికి మంచు మొదలైంది. ముందు ఎక్కడో ట్రక్కులు గుద్దుకున్నాయి. అన్ని కార్లూ ఆగిపోయాయి. నానమ్మ నూలు చీర, పైన శాలువా, కాళ్ళకి చెప్పులు. వణుకుతోంది. రగ్గులు లేవు. ఇంజన్ ఆపితే ఆమె పళ్ళు కొట్టుకుంటున్నాయి. అందుకని ఇంజన్ నడపాల్సి వచ్చింది. ఇంజన్ నడపాలంటే ఆయన దిగాల్సి వచ్చింది. పార లేదు. నానమ్మ సంచిలోంచి స్టీల్ పళ్ళెం తీసిస్తే దాంతో తవ్వారంట. డాడీ ఒకసారి దిగాడు. ఆఫీస్ బూట్లు, జారి పడ్డాడు. "నువ్వు మీ అమ్మ చేతులు రుద్దు, నేను చూసుకుంటా" అని అంకుల్ డాడీని లోపల కూర్చోబెట్టారంట. తన జాకెట్ విప్పి నానమ్మ కాళ్ళకి చుట్టారు. స్వెట్టర్ మీదే దిగుతూ, ఎక్కుతూ. చివరిసారి దిగి ఎక్కలేదు. డాడీ వెళ్ళి చూస్తే వెనక టైర్‌కి ఆనుకుని కూర్చున్నారు, పళ్ళెం ఒళ్ళో ఉంది. మంచు తీసే బండి ముందు నడిస్తే తప్ప అంబులెన్స్ రాలేకపోయింది.

గుండెపోటు అన్నారు. ఆ మాట దొరికాక అందరికీ ప్రాణం లేచొచ్చినట్టయింది. గుండె కదా, ఇంట్లో సోఫాలో కూర్చున్నా వచ్చేది అంటారు. వచ్చేదేమో. నాకు తెలీదు. సోఫాలో అయితే పక్కన ఆంటీ ఉండేవారు.

పెద్దకర్మ రోజు మా కాలనీ క్లబ్‌హౌస్‌లో భోజనాలు పెట్టారు. మైక్ పట్టుకుని ఒక్కొక్కరు మాట్లాడారు. మన సేఫ్టీ కోసం బతికిన మనిషి అన్నారు. కస్టమ్స్ ఆఫీసర్ జోక్ వేసే అంకుల్ కళ్ళు తుడుచుకుంటూ చెప్పాడు: "అందరి ట్రంకులూ చూసిన మనిషి, ఆ ఒక్క రోజు తన డబ్బా పెట్టుకోవడం మర్చిపోయాడండీ. ఏం చేస్తాం, రాసిపెట్టి ఉంది."

అందరూ అవునన్నట్టు తలలు ఊపారు. మా డాడీ ఆ చివర మజ్జిగ వడ్డిస్తున్నాడు. గరిటె ఆగింది. మళ్ళీ కదిలింది. అంతే.

భోజనాలయ్యాక ఆంటీ నా చెయ్యి పట్టుకున్నారు. "నాన్నా, నీకు తెలుసుగా ఆయన సంగతి. పాల ప్యాకెట్‌కి వెళ్ళినా ఆ డబ్బా ఉండాల్సిందే. ఆ రోజు పొద్దున నేను అమ్మాయితో ఫోన్‌లో పడిపోయా. గుమ్మం దాకా కూడా రాలేదు. ఒక్క మాట, డబ్బా పెట్టారా అని అడిగుంటే..." అని ఆగిపోయారు. "ఇల్లంతా వెతికా. ఎక్కడ పెట్టి మర్చిపోయాడో కనపడట్లేదు."

ఆమె చెయ్యి చాలా చల్లగా ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో డాడీతో అన్నాను. "ఆంటీకి చెప్పు డాడీ."

"ఏం చెప్పాలె?"

"డబ్బా నువ్వు దించినవని."

"చెప్తే అన్న లేచొస్తడా?"

"ఆంటీ తన వల్లే అనుకుంటోంది."

"గుండెపోటురా అది! పార ఉంటే గుండె ఆగకపోవునా? నాకు బాధ లేదనుకుంటున్నవా? ఆయన నా తోడబుట్టినోడి లెక్క."

"మెల్లగ మాట్లాడుండ్రి, లోపల అత్తమ్మ వింటది" అంది మమ్మీ.

నానమ్మ వింటూనే ఉంది. గది తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆమె తెచ్చిన సకినాలు మా టేబుల్ మీద డబ్బాలో ఉన్నాయి. అంకుల్ డబ్బా దించితే వ్యాన్‌లో దొరికిన చోట్లో అవి వచ్చాయి. వచ్చినవాళ్ళందరికీ మమ్మీ పెట్టింది. నేను ముట్టుకోలేదు.

అంకుల్ వాళ్ళమ్మాయి దూరంగా దక్షిణాన మోరిస్‌విల్‌లో ఉంటుంది. ఆంటీని తనతో తీసుకెళ్ళడానికి వచ్చింది. వ్యాన్ కూడా తీసుకెళ్తారు, కొండల మీదుగా రెండు రోజుల డ్రైవ్. ఆంటీ మా ఇంటికి ఫోన్ చేసి నన్ను అడిగారు. "ఆయన నీకే నేర్పించాడు కదా నాన్నా. మాకూ ఆయన డబ్బా లాంటిది ఒకటి సర్దిపెట్టు."

డాడీ స్టోర్‌కి వెళ్ళి రెడీమేడ్ కిట్ ఒకటి తెచ్చాడు. ఎర్ర సంచి, జిప్. లోపల వెండి కాగితం లాంటి పల్చటి దుప్పటి, బొమ్మ సైజు పార. "ఇది ఇచ్చిరా. మంచిదే తెచ్చిన" అన్నాడు. నా మొహం చూడలేదు.

గరాజ్‌లోకి వెళ్ళాను. సంచి కింద పెట్టి నీలం మూత డబ్బా ఎత్తబోయాను. పిల్లి ఇసుక బరువు, ఒక్కడి వల్ల కాలేదు. వెనక చప్పుడైతే తిరిగి చూశాను. నానమ్మ. ట్యాగు ఇంకా వేలాడుతున్న కొత్త జాకెట్ వేసుకుంది, మమ్మీ బూట్లు తొడుక్కుంది. చంకలో అంకుల్ జాకెట్, ఉతికి మడతపెట్టి ఉంది. దాన్ని డబ్బా మూత మీద పెట్టింది.

"ఒక దిక్కు నేను పట్టుకుంట, పా కొడుకా" అంది.

డాడీ కిచెన్ తలుపు దగ్గర నిలబడ్డాడు. "అమ్మా, నువ్వు పడ్తవ్, ఐస్ ఉంది" అన్నాడు. ఆమె తిరిగి చూడలేదు. మేమిద్దరం డబ్బా చెరో పక్క పట్టుకుని, నాలుగడుగులకోసారి కింద పెట్టుకుంటూ, రోడ్ దాటాం.

వ్యాన్ వెనక డోర్ తీసి ఉంది. ఆంటీ, వాళ్ళమ్మాయి సూట్‌కేసులు పెడుతున్నారు. ఆంటీ ముందు మూత మీది అంకుల్ జాకెట్ చూశారు. తర్వాత డబ్బా చూశారు. వంగి మూత తీశారు. పైనే ఆ ఎర్ర జాకెట్ ముక్క, దాని కింద అంచు కాలిన రగ్గు.

"ఇది ఎక్కడుంది నాన్నా?"

"మా ఇంట్లో" అన్నాను. అంతవరకే వచ్చింది.

"నా కొడుకు దించిండు బిడ్డా" అంది నానమ్మ. "నా సామాన్ పట్టాలని. ఆయనకు చెప్పకుండ దించిండు."

ఆంటీ చాలాసేపు ఆ రగ్గు మీద చెయ్యి పెట్టి ఉంచారు. మంచు సన్నగా పడుతోంది. "అయితే మర్చిపోలేదు" అన్నారు, ఎవరితోనో కాదు, తనతోనే. ఇంకోసారి అన్నారు. వాళ్ళమ్మాయి మా ఇంటి వైపు చూసింది. మా గరాజ్ డోర్ తెరిచే ఉంది, అందులో డాడీ నిలబడి ఉన్నాడు. ఆ అమ్మాయి ఏదో అనబోయింది. ఆంటీ ఆమె చేతి మీద చెయ్యి వేసి ఆపారు. నానమ్మ చేతులు జోడించింది. ఆంటీ ఆ చేతుల వైపు చూడలేదు. లోపలికి రమ్మనలేదు. నాతో మాత్రం, "లోపలికి తొయ్యి నాన్నా. రగ్గులు చేతికి అందేటట్టు ఉండాలన్నాడుగా" అన్నారు.

ఒక సూట్‌కేస్ పట్టలేదు. ఆంటీ దాన్ని దించి ఇంట్లో పెట్టి తాళం వేశారు. డబ్బా దించలేదు.

మర్నాడు పొద్దున్నే వాళ్ళు వెళ్ళిపోయారు, మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. డాడీ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఇది చదివాక అసలే మాట్లాడడేమో. మా గరాజ్ నేలంతా కార్ టైర్లతో వచ్చిన మంచు నీళ్ళు, రోడ్ మీద చల్లిన ఉప్పు తెల్లగా అట్టకట్టి ఉంటుంది. డబ్బా ఉన్నచోట మాత్రం నలుచదరంగా నల్లటి నేల కనిపిస్తుంది. డాడీ రోజూ కార్ లోపలికి తెచ్చి, ఆ చదరం మీదికి టైర్ ఎక్కకుండా, అక్కడింకా ఏదో ఉన్నట్టు, కొంచెం ఇవతలే ఆపుతున్నాడు.

క్లబ్‌హౌస్‌లో తలలు ఊపినవాళ్ళు ఇది చదువుతున్నారని నాకు తెలుసు. ఆయన సర్దిచ్చిన పార మీ ట్రంక్‌లోంచి తీసి ఎక్కడ పెట్టారో, మీకైనా గుర్తుందా?